మైదానంలో చెప్పవలసిన చరిత్ర: కెనడా మూలవాసులు, బాలల క్రీడలు, సయోధ్య

కెనడాలో మూలవాసులకు జరిగిన అన్యాయాలను విచారించేందుకు ఏర్పాటైన సత్య సయోధ్య కమిషన్ 2015లో తన నివేదికను వెలువరించినప్పుడు, ప్రభుత్వాలు, చర్చిలు, విద్యాసంస్థలు, న్యాయవ్యవస్థ ఇకపై ఏమి చేయాలో చెబుతూ 94 పిలుపులను ప్రకటించింది. వాటిలో 87 నుంచి 91 వరకు గల అయిదు పిలుపులు పూర్తిగా క్రీడలకు సంబంధించినవి. శిశు సంక్షేమం, భాషల పరిరక్షణ, న్యాయం వంటి బరువైన విషయాల సరసన ఆటలకు చోటు దక్కడం పైకి వింతగా కనిపించవచ్చు గాని, ఆ దేశ చరిత్రను దగ్గరగా చూసినవారికి అందులో వింతేమీ ఉండదు. మూలవాసుల నుంచి లాక్కున్న వాటిలో ఆట ఒకటి. వారి పిల్లలను లొంగదీసేందుకు వాడిన సాధనాలలోనూ ఆట ఒకటి. ఆ పిల్లలలో కొందరు బతికి బట్టకట్టడానికి ఆసరా అయినదీ ఆటే. ఈ మూడు సంగతులనూ కలిపి చెప్పగలిగినప్పుడే బాలల క్రీడలు చరిత్రను నేర్పే మార్గం కాగలవనీ, వాటిలో ఏ ఒక్కదాన్ని దాచిపెట్టినా మిగిలేది ఉత్సవమే తప్ప పాఠం కాదనీ ఈ ప్రసంగం ప్రతిపాదిస్తుంది.

యూరోపియన్ల రాకకు పూర్వం నుంచి ఆ నేల మీద నివసిస్తున్న ప్రజలను, వారి సంతతిని ఇక్కడ మూలవాసులు అంటున్నాము. కెనడాలో వీరు మూడు పెద్ద సమూహాలు: 600కు పైగా సముదాయాలుగా ఉన్న ఫస్ట్ నేషన్స్ ప్రజలు, ఉత్తర ధ్రువ ప్రాంతపు ఇన్యూట్ ప్రజలు, బొచ్చుతోళ్ల వ్యాపారానికి వచ్చిన యూరోపియన్లకూ ఫస్ట్ నేషన్స్ స్త్రీలకూ కలిగిన సంతతి నుంచి తమదైన భాషాసంస్కృతులతో రూపొందిన మేటీ ప్రజలు. 2021 జనాభా లెక్కల ప్రకారం వీరి సంఖ్య సుమారు 18 లక్షలు, అంటే దేశ జనాభాలో 5 శాతం. సయోధ్య అన్న మాటకు కమిషన్ ఇచ్చిన అర్థం కూడా గమనించదగినది. జరిగినదాన్ని మరచిపోయి చేతులు కలపడం సయోధ్య కాదు. గతాన్ని తెలుసుకోవడం, కలిగిన హానిని ఒప్పుకోవడం, అందుకు ప్రాయశ్చిత్తం చేసుకోవడం, ప్రవర్తనను మార్చుకోవడం అన్న క్రమంలో సాగే దీర్ఘకాలిక ప్రయత్నమే సయోధ్య అని కమిషన్ స్పష్టం చేసింది.

ఆ హానికి కేంద్రం రెసిడెన్షియల్ స్కూళ్ల వ్యవస్థ. తెలుగు రాష్ట్రాలలో రెసిడెన్షియల్ పాఠశాల లేక గురుకులం అంటే పేదింటి పిల్లలకు పోటీ మీద దొరికే మంచి చదువు అన్న భావం స్థిరపడి ఉన్నందువల్ల, కెనడా విషయంలో ఆ భావాన్ని పూర్తిగా పక్కన పెట్టి వినవలసి ఉంటుంది. అక్కడ సుమారు 1880ల నుంచి 1990ల వరకు ప్రభుత్వ ధనంతో, ఎక్కువగా చర్చిల నిర్వహణలో నడిచిన ఈ బడులు, మూలవాసుల పిల్లలను తల్లిదండ్రుల నుంచి వేరుచేసి, జుట్టు కత్తిరించి, సొంత భాష మాట్లాడితే శిక్షించి, వారిని తమ జాతి నుంచి తుడిచివేయడమే లక్ష్యంగా పనిచేశాయి. 1920లో ఈ బడులకు పిల్లలను పంపడాన్ని చట్టరీత్యా తప్పనిసరి చేశారు. లక్షా యాభై వేలకు పైగా పిల్లలు వీటి గుండా వెళ్లారు. వారిలో నాలుగు వేలకు పైగా పిల్లల మరణాలు ఇప్పటికే పత్రబద్ధమయ్యాయి. 2008 జూన్‌లో కెనడా ప్రధానమంత్రి పార్లమెంటులో క్షమాపణ చెప్పారు. జరిగినదాన్ని సాంస్కృతిక జాతి నిర్మూలనగా, అంటే ఒక ప్రజాసమూహాన్ని ఆ సమూహంగా నిలిపే భాషను, విశ్వాసాలను, కుటుంబ బంధాలను ధ్వంసం చేయడంగా కమిషన్ నిర్ధారించింది.

ఇంతటి విషయాన్ని ఎనిమిదేళ్ల పిల్లవాడికో పద్నాలుగేళ్ల అమ్మాయికో ఎలా చెప్పాలన్న ప్రశ్నకు ఆటలు ఒక దారి చూపుతాయి, ఎందుకంటే పిల్లలు ఇప్పటికే చేతపట్టుకుని తిరుగుతున్న వస్తువులలోనే ఆ చరిత్ర ఉంది. దీనికి లాక్రోస్ కంటే మంచి ఉదాహరణ దొరకదు. చివర వల అల్లిన పొడవాటి కర్రతో బంతిని పట్టుకుని, విసురుకుంటూ, ప్రత్యర్థి గోలులోకి కొట్టే ఈ ఆటను కెనడా పార్లమెంటు 1994లో దేశపు వేసవి జాతీయ క్రీడగా, ఐస్ హాకీని శీతకాలపు జాతీయ క్రీడగా చట్టం చేసి ప్రకటించింది. అయితే లాక్రోస్ కెనడా అనే దేశం కంటే ఎంతో పాతది. మోహాక్, ఒనైడా, ఒనొండాగా, కయూగా, సెనెకా, టస్కరోరా అనే ఆరు నేషన్ల సమాఖ్య అయిన హోడెనోషోనీ ప్రజలు దీనిని సృష్టికర్త తన సంతోషం కోసం మనుషులకు ఇచ్చిన ఆటగా భావిస్తారు. ఊరిలో ఎవరైనా జబ్బుపడినప్పుడు వారి స్వస్థత కోసం ఆడే ఔషధ క్రీడగా కూడా దీనికి నేటికీ స్థానం ఉంది. అందువల్ల గెలుపోటముల లెక్కతో మొదలుపెట్టి ఈ ఆటను నేర్పే కోచ్, ఆటలో సగాన్ని మాత్రమే నేర్పుతున్నట్టు లెక్క.

కర్ర తయారీని చూస్తే ఈ మాట ఇంకా బాగా అర్థమవుతుంది. హికరీ అనే గట్టి జాతి చెట్టు మొద్దును నిలువునా చీల్చి, బెరడు తీసి, రెండు చేతులతో లాగే పిడికత్తితో చివ్వుకుంటూ సన్నబరిచి, ఆవిరికి మెత్తబరిచి, ఒక కొసను కొక్కెంలా వంచి, ఆ వంపు విడిపోకుండా తీగతో బిగించి నెలల తరబడి ఆరబెడతారు. కర్ర పూర్తిగా ఆరి వంపు స్థిరపడిన తరువాతే దానికి నునుపు తెచ్చి, రంధ్రాలు చేసి, తోలు దారాలతో వల అల్లుతారు. ఒక్క కర్ర చేతికి రావడానికి ఏడాది వరకు పట్టవచ్చు. 1970ల నుంచి ప్లాస్టిక్ తల, లోహపు పిడి గల కర్రలు ప్రపంచమంతటా వ్యాపించినందువల్ల నేటి పిల్లలలో అధికభాగం చెక్క కర్రను చూసి కూడా ఉండరు. అటువంటి పిల్లల చేతిలో ఒక హికరీ కర్రను పెట్టి, దాని బరువు తెలియనిచ్చి, అది ఏ చెట్టు నుంచి ఎవరి చేతుల మీదుగా వచ్చిందో ఆ పని తెలిసిన హోడెనోషోనీ మనిషి చేతనే చెప్పించడం, తరగతి గదిలో నాలుగు పేజీలు చదివించడం కంటే ఎక్కువ ఫలితమిస్తుంది. పుట్టిన మగబిడ్డ పక్కన చిన్న కర్రను ఉంచడం, మరణించినవారితో పాటు కర్రను సాగనంపడం వంటి ఆచారాలు గల కుటుంబాలలో ఆ కర్ర ఆటవస్తువు మాత్రమే కాదని పిల్లలకు వేరుగా వివరించవలసిన పని ఉండదు.

ఈ ఆట చేతులు మారిన విధానం మరో పాఠం. మాంట్రియల్‌కు చెందిన విలియం జార్జ్ బీర్స్ అనే దంతవైద్యుడు, మోహాక్ ఆటగాళ్లను చూసి నేర్చుకున్న ఆటకు నియమావళి రాసి, 1867లో జాతీయ సంఘం ఏర్పడేందుకు కారకుడయ్యాడు. కెనడా సమాఖ్య ఏర్పడినదీ ఆ ఏడాదే కావడంతో కొత్త దేశానికి కొత్త ఆట అన్న ప్రచారం బాగా నడిచింది. 1876లో కానవాకె గ్రామపు మోహాక్ జట్టును ఇంగ్లండు తీసుకువెళ్లి విండ్సర్‌లో విక్టోరియా రాణి ఎదుట ఆడించారు. అంతలోనే 1880లో జాతీయ సంఘం ఔత్సాహికులకు మాత్రమే, అంటే ఆటకు డబ్బు తీసుకోనివారికి మాత్రమే, పోటీలలో ప్రవేశమని తీర్మానించింది. పైకి ఇది ఎవరినీ పేరుపెట్టి వెలివేయని నియమం. కాని దూరపు పట్టణాలకు ప్రయాణించి ఆడేందుకు దారిఖర్చుల కోసం డబ్బు తీసుకోక తప్పని మూలవాసుల జట్లు ఈ ఒక్క మాటతో వృత్తి ఆటగాళ్ల కింద జమ అయి, తమ సొంత ఆట పోటీలకు తామే దూరమయ్యాయి. చట్టం పక్షపాతాన్ని పైకి చెప్పకుండానే ఎలా అమలు చేయగలదో పదమూడేళ్ల పిల్లలకు అర్థం చేయించడానికి ఇంతకంటే సులువైన ఉదాహరణ లేదు. ఏ ఆటలోనైనా ఒక నియమం పెట్టి కొందరిని పక్కకు నెట్టడం పిల్లలు రోజూ చూసే సంగతే కనుక వారు దీన్ని వెంటనే పట్టుకుంటారు.

లాక్రోస్ ద్వారా రాజకీయ చరిత్రను కూడా చెప్పవచ్చు. 1763 జూన్ ఆరంభంలో, నేటి మిషిగన్ రాష్ట్రంలోని మిషిలిమాకినాక్ కోట వెలుపల ఒజిబ్వే, సాక్ ప్రజలు ఈ ఆట ఆడుతుండగా బ్రిటిష్ సైనికులు ద్వారం తెరిచి ఉంచి చూస్తూ నిలబడ్డారు. బంతి కోటవైపు పడగానే దాని వెంట పరుగెత్తిన ఆటగాళ్లు, కంబళ్లు కప్పుకుని అక్కడ వేచివున్న తమ స్త్రీల నుంచి ఆయుధాలు అందుకుని కోటను స్వాధీనం చేసుకున్నారు. ఒడావా నాయకుడు పాంటియాక్ పేరుతో ప్రసిద్ధమైన ప్రతిఘటనలో ఇది ఒక ఘట్టం. పిల్లలను ఆకట్టుకునే సాహసగాథగా దీన్ని చెప్పి ఆపేవారు చాలామంది ఉన్నారు గాని, అసలు చెప్పవలసినది ఆ తరువాత జరిగినది. అదే ఏడాది అక్టోబరులో బ్రిటిష్ రాజు జారీచేసిన ప్రకటన, మూలవాసుల భూములను ప్రైవేటు వ్యక్తులు కొనుక్కోరాదనీ, రాజప్రతినిధులు మాత్రమే బహిరంగ సమావేశంలో వారి సమ్మతితో ఒప్పందం ద్వారా పొందవచ్చనీ శాసించింది. 1982 నాటి కెనడా రాజ్యాంగం ఈ ప్రకటనను ప్రస్తావించి, దాని కింద గుర్తించిన హక్కులకు రక్షణ కల్పించింది. ఒక కోట ముందు జరిగిన ఆట కథతో మొదలైన పాఠం ఈ విధంగా నేటి ఒప్పంద హక్కుల దాకా, పిల్లలు నిలబడి ఆడుతున్న మైదానపు నేల ఎవరి ఒప్పందం కిందిది అన్న ప్రశ్న దాకా సాగుతుంది.

ఇక్కడ ఒక హెచ్చరిక అవసరం. క్రీడలు స్వభావసిద్ధంగా మంచివనీ, పిల్లలను కలిపి ఆడిస్తే సామరస్యం దానంతట అదే వస్తుందనీ నమ్మేవారు రెసిడెన్షియల్ స్కూళ్లలో క్రీడల స్థానాన్ని తప్పక తెలుసుకోవాలి. ఆ బడులలో కవాతు, వ్యాయామం, హాకీ క్రమశిక్షణ సాధనాలుగా ప్రవేశించాయి. మూలవాసుల సొంత ఆటల స్థానంలో యూరోపియన్ ఆటలను నిలపడం పిల్లలను మార్చే పథకంలో భాగం. వాయవ్య ఆంటేరియోలోని పెలికన్ లేక్ బడికి చెందిన సూ లుకౌట్ బ్లాక్ హాక్స్ అనే బాలుర హాకీ జట్టును 1951లో ఆటవా, టొరంటో నగరాలకు తీసుకువెళ్లి ఆడించారు. ఆ పర్యటన ఫొటోలలో శుభ్రమైన దుస్తులతో కనిపించే బాలురు, ఈ విద్యావిధానం విజయవంతమైందని చూపే ప్రచారానికి పనికివచ్చారు. దశాబ్దాల తరువాత పరిశోధకులు, జీవించివున్న ఆ జట్టు సభ్యుల ముందు అవే ఫొటోలు పెట్టి, వాటి వెనుక ఉన్న కథను వారి నోటనే విన్నారు. ఒకే ఫొటోను ప్రభుత్వం చూసిన తీరుకు, అందులో ఉన్న బాలుడు చూసిన తీరుకు గల దూరాన్ని నేటి హాకీ బాలురకు చూపడం చరిత్ర రచన అంటే ఏమిటో నేర్పడమే అవుతుంది.

అయితే అదే హాకీ అదే బడులలో కొందరు పిల్లలకు ఊపిరి కూడా అయింది. సస్కాచెవాన్‌లోని డక్ లేక్ బడికి చిన్నతనంలోనే తరలించబడిన క్రీ బాలుడు ఫ్రెడ్ ససకమూస్ అక్కడ దారుణమైన హింసకు గురైనవాడు. అక్కడి మంచు మీదే ఆట నేర్చి, 1953–54 సీజన్‌లో షికాగో జట్టు తరఫున నేషనల్ హాకీ లీగ్‌లో 11 మ్యాచ్‌లు ఆడి, ఆ స్థాయికి చేరిన తొలి ఫస్ట్ నేషన్స్ ఆటగాళ్లలో ఒకడుగా నిలిచాడు. ఆ తరువాతి జీవితమంతా మూలవాసుల పిల్లలకు క్రీడావకాశాలు కల్పించడానికి వెచ్చించి 2020లో కోవిడ్‌తో మరణించాడు. ఆయన కంటే చాలా ముందు, ఒనొండాగా నేషన్‌కు చెందిన టామ్ లాంగ్‌బోట్ బ్రాంట్‌ఫర్డ్‌లోని మోహాక్ ఇన్‌స్టిట్యూట్ అనే బడి నుంచి పారిపోయినవాడు. 1907లో ఆయన బోస్టన్ మారథాన్‌ను 2 గంటల 24 నిమిషాల 24 సెకన్లలో ముగించి, అప్పటి రికార్డును దాదాపు అయిదు నిమిషాల తేడాతో తిరగరాశాడు. పత్రికలు ఆయన గెలిచినప్పుడు కెనడియన్‌గా పొగిడి, ఓడినప్పుడు సోమరితనాన్ని జాతికి అంటగట్టాయి. సాధనలో కఠిన శ్రమ తరువాత విశ్రాంతి దినాన్ని పాటించే ఆయన పద్ధతిని ఆనాటి శిక్షకులు అర్థం చేసుకోలేదు, నేటి పరుగు శిక్షణలో అది మామూలు సూత్రం. 87వ పిలుపు కోరినది సరిగ్గా ఇటువంటి క్రీడాకారుల కథలను ప్రజలకు తెలియజేయమనే. ఈ కథలను విజయగాథలుగా కుదించి, ససకమూస్ హాకీ నేర్చిన బడిని, లాంగ్‌బోట్ పారిపోయిన బడిని కనుమరుగు చేయడం ఆ పిలుపును అవమానించడమే.

ఆచరణ విషయానికి వస్తే, కెనడాలో ఏటా సెప్టెంబరు 30న పాటించే సత్య సయోధ్య దినం చుట్టూ బాలల క్రీడలలో అనేక కార్యక్రమాలు జరుగుతాయి. ఆ రోజు నారింజ రంగు చొక్కా ధరించడానికి మూలం, 1973లో ఆరేళ్ల వయసులో బ్రిటిష్ కొలంబియాలోని ఒక మిషన్ బడికి వెళ్లిన ఫిలిస్ వెబ్‌స్టాడ్ అనుభవం. అవ్వ కొనిపెట్టిన కొత్త నారింజ చొక్కాను బడిలో అడుగుపెట్టిన తొలిరోజునే ఊడబెరికి తీసుకున్నారు, మళ్లీ ఇవ్వలేదు. 2013లో మొదలైన ఈ ఆచరణ 2021లో చట్టబద్ధమైన జాతీయ దినంగా మారింది. హాకీ, సాకర్, ఫుట్‌బాల్ జట్లు నారింజ జెర్సీలు వేసుకోవడం, మ్యాచ్‌కు ముందు ఆ నేల ఏ నేషన్లదో ప్రకటించడం ఇప్పుడు సర్వసాధారణం. వీటి విలువను తగ్గించి చూడవలసిన అవసరం లేదు; ఒక బిడ్డ చొక్కా కథ ఏడేళ్ల పిల్లలకు అర్థమయ్యే పరిమాణంలో ఉంది, ఆ వయసులో మరణాల లెక్కలు చెప్పకూడదు కూడా. కాని ఏటా అదే జెర్సీ, అదే కాగితం మీది ప్రకటనతో సరిపెట్టినట్టయితే పదిహేనేళ్లు వచ్చేసరికి ఆ పిల్లలకు అది జాతీయగీతానికి ముందు వినబడే మరో లాంఛనంగా మారిపోతుంది. వయసుతో పాటు పాఠం కూడా పెరగాలి: చిన్నవారికి చొక్కా, కొంచెం పెద్దవారికి ఆట పుట్టుక, యుక్తవయసు వారికి ఒప్పందాలు, చట్టాలు, సమాధులు.

పాఠం చెప్పేది ఎవరన్నది ఇంకా ముఖ్యం. సమీపంలోని నేషన్ నుంచి పెద్దలను పిలిచి చెప్పించుకోవాలనుకునే క్లబ్బు, ముందుగా వారి మర్యాదలను తెలుసుకోవాలి. ఉదాహరణకు అనిషినాబె, క్రీ ప్రజలలో ఒక పెద్దను బోధ చేయమని అర్థించేటప్పుడు గుడ్డలో కట్టిన పిడికెడు పొగాకును సమర్పించి అడగడం పద్ధతి. వారు దాన్ని అందుకున్నారంటే అభ్యర్థనను అంగీకరించినట్టు. ఇన్యూట్ ప్రజలలో ఈ ఆచారం లేదు, కనుక అందరినీ ఒకే గాటన కట్టకూడదు. అట్లాగే హోడెనోషోనీ సముదాయాలలో చాలాచోట్ల చెక్క కర్రతో ఆడే సంప్రదాయ క్రీడ పురుషులకే పరిమితం. అదే సమయంలో వారి స్త్రీల జట్లు అంతర్జాతీయ లాక్రోస్ పోటీలలో ఆడుతున్నాయి. బాలికల జట్టుకు చెక్క కర్ర ఇచ్చే ముందు కోచ్ ఈ సంగతిని అడిగి తెలుసుకోవడమే ఒక గౌరవం. పెద్దలకు తగిన గౌరవ వేతనం, ప్రయాణ ఏర్పాట్లు చూడకుండా ఏటా సెప్టెంబరులో మాత్రమే గుర్తుచేసుకోవడం మూలవాసుల సముదాయాలను విసిగిస్తున్న అలవాటు.

మూలవాసులే ఆతిథేయులైన పోటీలలో ఈ చిక్కులు చాలావరకు ఉండవు. ఆంటేరియోలోని మానిటూలిన్ దీవిలో 1971లో మొదలైన లిటిల్ ఎన్‌హెచ్‌ఎల్ అనే బాలల హాకీ టోర్నమెంటు, ఇతర పోటీలలో ఫస్ట్ నేషన్స్ పిల్లలకు ఎదురైన వివక్షకు సమాధానంగా పుట్టింది. నేడు మార్చి సెలవులలో వందలాది జట్లు, వాటి వెంట తాతలు, అవ్వలు, మేనత్తలు తరలివచ్చే పెద్ద జాతరగా ఎదిగింది. 1990లో ఎడ్మంటన్‌లో ప్రారంభమైన నార్త్ అమెరికన్ ఇండిజినస్ గేమ్స్ కెనడా, అమెరికా దేశాల మూలవాసీ యువత కోసం ఏర్పడినవి. ఎర్మిన్‌స్కిన్ క్రీ నేషన్‌కు చెందిన విల్టన్ లిటిల్‌చైల్డ్ వాటి వ్యవస్థాపకులలో ముఖ్యుడు. రెసిడెన్షియల్ స్కూళ్లలో పద్నాలుగేళ్లు గడిపి, ఆటలే తనను నిలబెట్టాయని చెప్పుకున్న ఆయనే తరువాత సత్య సయోధ్య కమిషన్ సభ్యులలో ఒకరు కావడం గమనిస్తే, ఆ 94 పిలుపులలో ఆటలకు అయిదు ఎలా దక్కాయో ఊహించవచ్చు. 2023 జూలైలో మిక్‌మా ప్రజల నేల అయిన హాలిఫాక్స్‌లో ఈ క్రీడలు జరిగినప్పుడు 750కి పైగా నేషన్ల నుంచి 5 వేల మందికి పైగా యువతీయువకులు పాల్గొన్నారు. ఆ మిక్‌మా ప్రజలే పందొమ్మిదో శతాబ్దంలో నోవా స్కోషియాలో ఒంటి చెక్కతో హాకీ కర్రలు చెక్కి దేశమంతటికీ అందించినవారు. జాతీయ శీతకాలపు క్రీడలో కూడా మూలవాసుల చేతిపని ఉందన్న సంగతి హాకీ పిల్లలలో ఎక్కువమందికి తెలియదు.

ఉత్తర ప్రాంతంలో 1970 నుంచి జరుగుతున్న ఆర్కిటిక్ వింటర్ గేమ్స్ మరో దృక్పథాన్ని నేర్పుతాయి. పైన వేలాడదీసిన సీలు చర్మపు గురిని ఎగిరి ఒంటి కాలితో తన్ని, అదే కాలి మీద దిగే ఇన్యూట్ ఆటలో, పోటీపడుతున్నవారే ఒకరికొకరు సలహాలిచ్చుకోవడం, ప్రత్యర్థి తప్పటడుగును సరిదిద్దడం సహజమైన మర్యాద. వేట ఫలించిన వార్తను దూరం నుంచే ఊరికి తెలియజేసేందుకు దూత గాలిలోకి ఎగిరి తన్నే సంకేతం నుంచి ఈ ఆట వచ్చిందని సంప్రదాయం చెబుతుంది. ఆకలితో ఎదురుచూసే ఊరికి అందరి శరీరాలూ దృఢంగా ఉండటం అవసరం గనుక, ఎదుటివాడిని బలహీనుడుగా చూడాలనుకోవడం ఆ జీవితంలో అర్థంలేని కోరిక. దక్షిణాది నగరాల పిల్లలకు ఈ ఆటను నేర్పే కోచ్‌లు తన్నే మెళకువతో పాటు ఈ మర్యాదను కూడా నేర్పితేనే అది ఇన్యూట్ ఆట అనిపించుకుంటుంది.

ఇన్ని మంచి ప్రయత్నాల మధ్య వర్తమానపు వివక్షను దాటవేస్తే పిల్లలే ముందుగా ఆ లోపాన్ని పసిగడతారు. 2018లో క్విబెక్ నగరంలో జరిగిన ఒక బాలుర హాకీ పోటీలో ఫస్ట్ నేషన్స్ జట్టుపై జాతి దూషణలు చెలరేగిన వార్త దేశమంతటినీ కలచివేసింది. ఆ బాలుర వయసు పదమూడు, పద్నాలుగేళ్లు. ఇటువంటి వివక్షను దృష్టిలో ఉంచుకునే 90వ పిలుపు 2015లోనే క్రీడాసంఘాలలో జాతివివక్ష వ్యతిరేక శిక్షణను ప్రత్యేకంగా కోరింది. అదే 2018లో మిస్సిసాగ నగరపాలక సంస్థ, ఒక మూలవాసి తండ్రి మానవ హక్కుల ట్రిబ్యునల్‌లో వేసిన ఫిర్యాదుపై కుదిరిన రాజీ మేరకు, మూలవాసేతర జట్లు వాడుకుంటున్న మూలవాసుల బొమ్మలను, చిహ్నాలను తన క్రీడాప్రాంగణాల నుంచి తొలగించేందుకు అంగీకరించింది. తన పిల్లలు ఆడుకునే రింకు గోడ మీద తమ ప్రజల ముఖం వికృతంగా వేలాడటాన్ని ఆ తండ్రి సహించలేదు. ఒక జట్టు చిహ్నం ఎందుకు మారిందో ఆ జట్టు పిల్లలకు వివరించడం, ఏ ఉపన్యాసం కంటే మెరుగైన సయోధ్య పాఠం.

మూలవాసుల నేషన్ అంటే కేవలం ఒక తెగ కాదు, పాలనాధికారం గల జాతి అన్న భావన బహుశా పిల్లలకు అన్నిటికంటే కష్టమైనది. దాన్ని కూడా లాక్రోస్ సుబోధకం చేస్తుంది. 1983లో ఏర్పడిన హోడెనోషోనీ జాతీయ జట్టు తమ సమాఖ్య జెండా కింద ప్రపంచ పోటీలలో ఆడుతుంది. 2010లో ఇంగ్లండులోని మాంచెస్టర్‌లో జరిగిన ప్రపంచ పోటీలకు ఆ ఆటగాళ్లు తమ హోడెనోషోనీ పాస్‌పోర్టులతోనే వెళతామని పట్టుబట్టగా బ్రిటన్ అనుమతించలేదు; అమెరికా లేక కెనడా పాస్‌పోర్టులతో వెళ్లడం కంటే పోటీని వదులుకోవడమే మేలని వారు నిర్ణయించుకున్నారు. 2022లో అమెరికాలోని బర్మింగ్‌హామ్‌లో జరిగిన వరల్డ్ గేమ్స్‌కు మొదట వారిని పరిగణించకపోగా, విమర్శల తరువాత నిర్వాహకులు తలుపులు తెరిచినప్పుడు, వారికి చోటు కల్పించేందుకు ఐర్లండ్ జట్టు తనంతట తాను తప్పుకుంది. 2028 లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్‌లో లాక్రోస్ తిరిగి ప్రవేశిస్తున్నది గాని, గుర్తింపు పొందిన జాతీయ ఒలింపిక్ కమిటీ ఉన్నవారికే ప్రవేశమన్న నిబంధన ఆ ఆటను లోకానికి ఇచ్చిన ప్రజల దారికి అడ్డుగా ఉంది. 1880 నాటి ఔత్సాహిక నియమాన్ని, ఈ ఒలింపిక్ నిబంధనను పక్కపక్కన పెట్టి పిల్లలను చర్చించమంటే, గతం ఎంతవరకు గతమో వారే తేల్చుకోగలరు.

ఈ చర్చకు తెలుగువారితో సంబంధం లేకపోలేదు. కెనడాకు వలసవెళ్లిన తెలుగు కుటుంబాలు టొరంటో, మిస్సిసాగ, బ్రాంప్టన్, కాల్గరీ, ఎడ్మంటన్ వంటి నగరాలలో స్థిరపడి ఉన్నాయి. వారి పిల్లలు హాకీ, సాకర్, లాక్రోస్ క్లబ్బులలో చేరుతున్నారు. 94వ పిలుపు మేరకు 2021లో సవరించిన పౌరసత్వ ప్రమాణంలో, ఫస్ట్ నేషన్స్, ఇన్యూట్, మేటీ ప్రజల ఒప్పంద హక్కులను గుర్తించే రాజ్యాంగాన్ని పాటిస్తానన్న వాగ్దానం చేరింది. ఆ తరువాత ప్రమాణం చేసి కెనడా పౌరులైన ప్రతి తెలుగు వ్యక్తీ ఆ వాగ్దానం చేసినవారే. రెసిడెన్షియల్ స్కూళ్లు నడిచిన కాలంలో తమవారు అక్కడ లేరు కనుక ఈ చరిత్ర తమది కాదని కొందరు కొత్త పౌరులు భావించడం సహజమే అయినా సరైనది కాదు, ఎందుకంటే ఆ నేల మీద ఇల్లు, ఉద్యోగం, ఆటస్థలం అనుభవిస్తున్నవారందరికీ ఆ ఒప్పందాలు వర్తిస్తాయి. పిల్లలను ఏదైనా క్రీడా క్లబ్బులో చేర్పించే కెనడా తెలుగు తల్లిదండ్రులు, సీజను ఆరంభంలో జరిగే సమావేశంలో, ఈ మైదానం ఏ ఒప్పందపు నేల మీద ఉన్నదో, పిల్లలకు ఆ సంగతి చెప్పడానికి ఆ నేషన్ వారిని ఎప్పుడు పిలుస్తున్నారో, జాతి దూషణ జరిగితే రెఫరీ, కోచ్ ఏమి చేయాలని నిర్ణయించారో నిర్వాహకులను తప్పకుండా అడగవలసిందిగా విజ్ఞప్తి.